శాలిహుండం కొండ చుట్టూ ఒక పూట నడక: ఏటి గట్టు, సరుగుడు తోట, మళ్ళీ మెట్ల దగ్గరికి

గట్టునడక
డిసెంబరు 7, రాత్రి 9.40

నేను శ్రీకాకుళంలోనే పుట్టి పెరిగాను. శాలిహుండం అంటే ఇన్నాళ్ళూ నాకు తెలిసింది ఒకటే, బండి కొండ కింద పెట్టడం, మెట్లెక్కడం, పైన బౌద్ధ స్తూపాల దగ్గర నాలుగు ఫోటోలు దిగడం, అటునుంచి అటే కళింగపట్నం బీచికి పోవడం. ఇవాళ అమ్మని తీసుకెళ్ళాను. 68 ఏళ్ళు, కుడి మోకాలు నొప్పి. మెట్లు చూడగానే "నేనెక్కలేను బాబూ, నువ్వెళ్ళి రా, నేనీ నీడలో కూర్చుంటాను" అంది. ఒక్కదాన్నీ వదిలేసి ఎక్కడానికి మనసొప్పలేదు, బండి తిప్పుకుని ఇంటికి పోవడానికీ ఒప్పలేదు. సరే, పైకి కాకపోతే చుట్టూ తిరుగుదాం పద అన్నాను. ఊరికే అన్న మాటే.

దారి ఇదీ. కొండ కింద నుంచి ఊళ్ళోకి వచ్చి, ఇళ్ళు దాటి వంశధార వైపు దిగితే గట్టు. గట్టెక్కాక ఏరు ఎడమ చేతికి, కొండ కుడి చేతికి ఉంచుకుని, నీళ్ళు ఎటు పోతే అటే నడవాలి. ఈ రోజుల్లో ఏరు సగం నీళ్ళు, సగం ఇసుక తిన్నెలు. తిన్నెల మీద కొంగలు, అవతల ఒడ్డున కొబ్బరి తోటలు. కొంత దూరం పోయాక కుడి పక్క సరుగుడు తోట వస్తుంది, అందులోంచి గోర్జీలో పడి, పొలాలు, కళ్ళాల మధ్య నుంచి కొండ వెనక్కి వచ్చి, చుట్టు తిరిగి మెట్ల దగ్గర తేలతాం. ఎక్కడా ఎత్తు లేదు. నా ఫోను 5.8 కిలోమీటర్లు చూపించింది. అమ్మతో, కూర్చున్నవన్నీ కలుపుకుని, మూడు గంటలు పట్టింది.

ఒక్క చోటే ఇబ్బంది. తోట అయ్యాక పంట కాలువ అడ్డం వస్తుంది, దాని మీద చీల్చిన తాటిదుంగ ఒకటి పడేసి ఉంది. నాకు రెండంగలు. అమ్మ దాన్ని చూసి, నన్ను చూసి, చెప్పులు విప్పి నా చేతికిచ్చి, దుంగ మీద అటో కాలు ఇటో కాలు వేసి గుర్రం ఎక్కినట్టు కూర్చుని, రెండు చేతులూ ముందు ఆనించుకుంటూ జానెడు జానెడు జరిగి దాటేసింది. చీరకి నాచు మరక. ఇంటికొచ్చాక ఆ చీర చూపించి మా ఆవిడకి గొప్పలు.

సరుగుడు తోటలో విరిగిపడ్డ గెడ ఒకటి ఏరి చేతికర్రగా ఇచ్చాను. చెయ్యి జారకుండా పైన తన జాకెట్టు పిన్నుకి చుట్టుకున్న ఎర్ర దారం విప్పి చుట్టింది. వచ్చేటప్పుడు దాన్ని మెట్ల దగ్గర గోడకి ఆనించేసింది, "ఎవరికైనా కాళ్ళు నొప్పులుంటే తీసుకుంటార్లే" అని.

ఇలాంటి నడక మన జిల్లాలోనో, విజీనగరం వైపో ఇంకెక్కడైనా ఉందా? వెళ్ళిన దారినే తిరిగి రాకుండా, చుట్టు తిరిగొచ్చేది కావాలి.

ఉద్దానంజీడి
డిసెంబరు 7, రాత్రి 10.05

ఏటి గట్టు అని ఇంత రాశావు గానీ గట్టు మీద తినడానికి ఏటుందో రాయలేదు బావా.

గట్టునడక
డిసెంబరు 7, రాత్రి 10.12

ఏటీ లేదు. ఇంటి నుంచి చోడి అంబలి సీసాలో పోసుకెళ్ళాం, ఉల్లిపాయ, మిరపకాయ. సంక్రాంతి దగ్గర పడితే ఆ చుట్టుపక్కల తేగలు దొరుకుతాయి.

ఉద్దానంజీడి
డిసెంబరు 7, రాత్రి 10.15

తేగ చీల్చి లోపలి చందమామ నువ్వు తినేసి పీచు మాకు ఫోటో తీసి పెడతావని తెలుసు. సరే వస్తాను.

పెద్దప్ప
డిసెంబరు 8, ఉదయం 6.20

తమ్ముడూ, బాగా రాశావు గానీ మాలాంటి వాళ్ళకి కావలసినవి రాయలేదు. నాకు 61, స్కూల్లో ముప్పై ఏళ్ళు నిలబడి పాఠాలు చెప్పిన కాళ్ళు. మధ్యలో కూర్చోడానికి ఎక్కడెక్కడ ఉంది? నీడ ఎంత దూరం? ఆడవాళ్ళకి బాత్రూము సంగతేమిటి? కుక్కలున్నాయా? నడక ఎంత అందంగా ఉందో అందరూ రాస్తారు, ఇవి ఎవరూ రాయరు. అవతల మా చెల్లెలు కూడా వస్తానంటోంది, దానికి కుక్కలంటే చచ్చేంత భయం.

గట్టునడక
డిసెంబరు 8, ఉదయం 7.45

నిజమే అప్పా, మగబుద్ధి. అమ్మని అడిగి రాస్తున్నాను. కూర్చోడానికి ఊరి చివర రావిచెట్టు కింద చప్టా ఉంది, గట్టు మీద ఏమీ లేదు, తోటలో ఎక్కడైనా కూర్చోవచ్చు, సరుగుడు ఆకు పరుపులా పడి ఉంటుంది. నీడ గట్టు మీద దాదాపు లేదు, అక్కడక్కడ తాటిచెట్లు, వాటి నీడ ఒక మనిషికి సరిపోతే గొప్ప. గొడుగు పట్టుకెళ్ళండి. బాత్రూము పని కొండ దగ్గరే చూసుకుని బయల్దేరాలి, ఆ తర్వాత ఆశ పెట్టుకోవద్దు. కుక్కలు ఊళ్ళో ఉన్నాయి, ఎండలో పడుకుని మా వైపు తల కూడా ఎత్తలేదు.

ఇటుకలపిచ్చి
డిసెంబరు 8, ఉదయం 11.30

మీ అమ్మగారు తెలిసి తిరిగారో తెలియక తిరిగారో గానీ, కొండ కుడి చేతికి పెట్టుకుని తిరగడమంటే అది ప్రదక్షిణే. పైన స్తూపం చుట్టూ భిక్షువులు తిరిగిందీ అలాగే. మీరు కాస్త పెద్ద చుట్టు తిరిగారు, అంతే.

ఎక్కగలిగిన వాళ్ళు మాత్రం దయచేసి పైకి ఎక్కండి. అక్కడి కట్టడాలు క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నుంచి క్రీస్తుశకం 12వ శతాబ్దం దాకా సాగినవని చెప్తారు, అంటే ఒక రాజో ఒక తరమో కట్టి వదిలేసింది కాదు. ఇటుకల మహాస్తూపం, గుండ్రటి చైత్యగృహం ఒకటి, ఏనుగు వీపులా వెనక వంపు తిరిగినవి, చిన్న చిన్న మొక్కుబడి స్తూపాలు. ధాతుపేటికలు, అంటే అస్థికలు దాచిన పెట్టెలు, తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు కూడా ఇక్కడ దొరికాయి. ఊరి పేరు శాలివాటిక నుంచి వచ్చిందని, అంటే ధాన్యం ఉండే చోటని, కొందరు. కాదు, ఎముకల పెట్టె అనే అర్థంలో శల్యపేటిక అని ఇంకొందరు. చుట్టూ వరిచేలు చూస్తే మొదటిదీ, పైకెక్కి పేటికల సంగతి వింటే రెండోదీ నిజమనిపిస్తుంది నాకు.

ఇంకోటి. ఈ చోటిని 1919లో లోకం దృష్టికి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులు గారు. వాడుక భాష గిడుగే. పుట్టింది కూడా ఈ వంశధార పక్కనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. ఆ రోజే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. మనవాళ్ళు మాత్రం ఆయన వెలికి తెచ్చిన ఇటుకల మీద మేకుతో "ఐ లవ్ యూ" అని గీకి వస్తారు. అది రక్షిత కట్టడం, గీకితే కేసవుతుంది.

ఉద్దానంజీడి
డిసెంబరు 8, ఉదయం 11.41

ఆయన చెప్పిన వాడుక భాషలోనే గీకుతున్నారు కదండీ.

ఇటుకలపిచ్చి
డిసెంబరు 8, ఉదయం 11.43

నీకు దండం.

విజీనగరంమావ
డిసెంబరు 8, సాయంత్రం 4.10

మా వైపు అడిగావు కాబట్టి. తాటిపూడి వెళ్ళు, గంట్యాడ మండలం. గోస్తనికి 1960ల్లో కట్టిన రిజర్వాయరు, విశాఖపట్నం తాగే నీళ్ళలో దీని వాటా ఉంది. చుట్టూ కొండలు, చెట్లు, పొద్దున్నే నీళ్ళ మీద మంచు పొగలా లేస్తుంటే కదలబుద్ధి కాదు. గట్టు మీద నడక హాయి, రోడ్డు లాంటిదే. కానీ చుట్టు తిరగడం కుదరదు, వెళ్ళిన దారినే రావాలి. రామతీర్థం కూడా చూసుకో, నెల్లిమర్ల మండలం, గుడి చూశాక బోధికొండ, గురుభక్తులకొండ. అక్కడా బౌద్ధులే, జైనుల ఆనవాళ్ళూ ఉన్నాయి. అది కొండలెక్కే పని, అమ్మగారితో వద్దు.

చంపావతి ఒడ్డున సారిపల్లి దిబ్బేశ్వరుడి గుడి దగ్గర మేం చిన్నప్పుడు తిరిగేవాళ్ళం. ఏరు, ఇసుక, పాత గుడి, మనుషులు లేరు. నేను వెళ్ళి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు ఎలా ఉందో చెప్పి నిన్ను ముళ్ళకంపల్లో పడెయ్యను.

కళింగరేవు
డిసెంబరు 8, రాత్రి 8.50

మాది గార మండలమే. అందరూ ఏరు బాగుంది, తిన్నె బాగుంది అంటున్నారు కాబట్టి నాలుగు మాటలు, కోపం తెచ్చుకోవద్దు.

ఒకటి, తిన్నె మీదికి దిగొద్దు. గట్టు మీద నడవండి, చూడండి, అంతే. పైన హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ ఉంది, ఒడిశాలో వాన పడితే అక్కడ గేట్లెత్తుతారు. ఇక్కడ ఆకాశం నీలంగానే ఉంటుంది, నీళ్ళు మాత్రం వచ్చేస్తాయి. జులై నుంచి అక్టోబరు దాకా అసలు ఈ నడక మాటే వద్దు. మిగతా రోజుల్లో కూడా, ఇసుక తోడిన గోతులు నీళ్ళ కింద కనబడవు. పైకి మోకాలి లోతులా ఉంటుంది, అడుగు వేస్తే మనిషి లోతు. మా చిన్నాన్న కొడుకు ఈత బాగా వచ్చినవాడు, అలాంటి గోతిలోనే పోయాడు. ఇంతకంటే రాయలేను.

రెండు, కళ్ళాల దగ్గర, గడ్డికుప్పల దగ్గర రక్తపింజరి ఉంటుంది. పొద్దు పోయాక ఆ పక్క నుంచి నడవొద్దు. చెప్పులు కాదు, బూట్లు.

మూడు, ఇప్పుడు వరి కోసేశారు కదా, చేను ఖాళీగా ఉంది అడ్డంగా పోదాం అనుకుంటారు. ఖాళీ కాదు. కోతకి ముందే మినుము, పెసర చల్లేస్తాం, మోళ్ళ మధ్య చిన్న చిన్న ఆకులు ఉంటాయి. పట్నం వాళ్ళకి కలుపులా కనబడుతుంది, మాకది సంక్రాంతి తర్వాత డబ్బు. గట్ల మీదే నడవండి.

గట్టునడక
డిసెంబరు 8, రాత్రి 9.30

అన్నా, మీ తమ్ముడి సంగతి విని ఏమనాలో తెలియలేదు. మేం తిన్నె మీదికి దిగాం, ఒక పది నిమిషాలు. అమ్మ పాదాలు తడుపుకుంది. ఇప్పుడు చదువుతుంటే చెయ్యి చల్లబడింది. పైన రాసిన దాంట్లో దిగమని లేదు గానీ, దిగొద్దని కూడా నేను రాయలేదు.

మినుము తొక్కామేమో కూడా. ఒక మూల అడ్డంగా పోయాం.

కళింగరేవు
డిసెంబరు 8, రాత్రి 9.38

ఆ మూల మాది కాదులే. అమ్మగారు బాగున్నారు కదా, అది చాలు.

బెంగళూరుబండి
డిసెంబరు 9, మధ్యాహ్నం 1.15

సంక్రాంతికి ఊరొస్తున్నాను, నేనూ ఇద్దరు ఫ్రెండ్సూ. ఎవరైనా మ్యాప్ లొకేషన్లు పెడతారా? మలుపు మలుపుకీ ఒక పిన్ను ఉంటే చాలు. "రావిచెట్టు దగ్గర కుడికి" అంటే మా వాళ్ళకి రావి, మర్రి తేడా తెలియదు. గోర్జీ అంటే కూడా ఏంటో చెప్పండి.

పెద్దప్ప
డిసెంబరు 9, మధ్యాహ్నం 2.40

నాయనా, గోర్జీ అంటే రెండు పక్కలా గట్లూ కంచెలూ లేచి, మధ్యలో బళ్ళు నడిచి నడిచి పల్లమైపోయిన బాట. వానాకాలం అది గెడ్డ, అంటే వాగు, ఎండాకాలం అది దారి. మీ అమ్మమ్మ బతికుంటే అడుగు, ఆవిడ గోర్జీలోంచే నీళ్ళు మోసి ఉంటుంది. రావి ఆకుకి కొస తోకలా పొడుగ్గా ఉంటుంది, మర్రికి ఊడలు దిగుతాయి. పిన్ను అక్కర్లేదు.

గట్టునడక
డిసెంబరు 9, సాయంత్రం 6.00

పిన్నులు పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు గానీ పెట్టను. బీచి దగ్గర ఆదివారం సాయంత్రం ఖాళీ సీసాలు ఎన్ని ఉంటాయో చూశావు కదా. ఊళ్ళోకి వెళ్ళి "ఏటి గట్టుకి ఎలా పోవాలి" అని అడుగు, ఎవరైనా చెప్తారు. అడిగినవాడు సీసా పారేసి రాడని నా లెక్క.

ఉద్దానంజీడి
డిసెంబరు 9, సాయంత్రం 6.22

జాగ్రత్త, "ఏటి గట్టు" అంటే "ఏటి గట్టు? ఏ గట్టు?" అని ఎదురు అడుగుతారు. అక్కడే మధ్యాహ్నం అయిపోతుంది.

ఇటుకలపిచ్చి
డిసెంబరు 9, రాత్రి 8.15

పొద్దున్నే వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ప్రదక్షిణగా తిరిగితే గట్టు మీద నడిచినంత సేపూ ముఖం తూర్పుకి, అంటే ఎండ కళ్ళల్లో కొడుతుంది. పుణ్యం సంగతి తర్వాత, కళ్ళు పోతాయి. పొద్దున అయితే తోట వైపు నుంచి మొదలెట్టి గట్టు మీద పడమరగా రండి. మధ్యాహ్నం మూడు తర్వాత అయితే గట్టునడక గారు తిరిగినట్టే తిరగండి.

విజీనగరంమావ
డిసెంబరు 9, రాత్రి 8.30

అప్రదక్షిణం చెయ్యమంటున్నాడు, వీణ్ణి నమ్మి పిల్లలు ఏమైపోతారో.

బెంగళూరుబండి
జనవరి 17, రాత్రి 11.20

వెళ్ళాం. కనుమ మర్నాడు, పొద్దున ఆరున్నరకి. తిట్టాలని ఉంది, ఎవర్నో తెలియట్లేదు. ఎండ సంగతి చదివాను కాబట్టి తోట వైపు నుంచి మొదలెట్టాం. కొండ వెనక దాకా బాగానే ఉంది, మంచు పట్టి ఉంది, గిజిగాడి గూళ్ళు ఒక్క తాటిచెట్టుకే ఇరవై దాకా లెక్కపెట్టాం. తాటిదుంగ కూడా దొరికింది, మా వాడు ఒకడు స్టైలుగా నిలబడి దాటబోయి కాలువలో పడ్డాడు, నడుం దాకా బురద. (గట్టునడక గారి అమ్మగారి పద్ధతే కరెక్టు.) అక్కడి నుంచి తోట కోసం వెతికాం. తోట లేదు! "తోటలోంచి గట్టెక్కాలి" అని రాసుకుని వచ్చాం, అక్కడ చూస్తే బోడి నేల, మోళ్ళు, లారీ చక్రాల గాళ్ళు. దారి తప్పామనుకుని వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకొచ్చి, ఇంకో గోర్జీలో దూరి, గంటన్నర తిరిగాం. చివరికి మేకలు కాసే తాత "తోటేటి బాబూ, పండక్కి ముందే కొట్టీసినారు" అన్నాడు. మోళ్ళ మధ్య నుంచి చూస్తే ఏటి గట్టు అక్కడే, ఎదురుగా ఉంది.

కళింగరేవు
జనవరి 18, ఉదయం 5.55

సరుగుడు అంటే అంతే బాబూ. అడవి కాదు, పంట. నాటిన నాలుగైదేళ్ళకి కొట్టేస్తారు, గెడలు ఇళ్ళ పనులకి, పందిళ్ళకి, మిగతాది కాగితం మిల్లులకి పోతుంది. ఇసుక నేలల్లో ఎరువు పెద్దగా వెయ్యకుండా పెరుగుతుంది, వేళ్ళ దగ్గర బుడిపెలుంటాయి, గాల్లో నత్రజని అదే పట్టుకుంటుంది. రైతుకి పిల్ల పెళ్ళి ఎప్పుడో ముందే తెలిస్తే లెక్కేసి నాటుతాడు. దాన్ని గుర్తు పెట్టుకుని దారి చెప్పిన వాడిదే తప్పు.

ఉద్దానంజీడి
జనవరి 18, ఉదయం 8.10

పంట అని చిన్నగా అంటున్నావు గానీ అన్నా, చెట్లు ఒక్క పూటలో లేకుండా పోతే ఎలా ఉంటుందో మా వాళ్ళని అడుగు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన మర్నాడు తెల్లారి మా నాన్న జీడితోటకి బయల్దేరి, తోట కనబడక మా సొంత తోటకే దారి తప్పాడు. కొబ్బరి కూడా అంతే, మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు. సరుగుడైతే కనీసం కొట్టినందుకు డబ్బులొస్తాయి.

బెంగళూరుబండి, నీ మీద జాలిగా ఉంది గానీ కాలువలో పడ్డవాడి ఫోటో పెట్టు.

గట్టునడక
జనవరి 18, ఉదయం 9.05

తప్పు నాదే. ఇవాళ పొద్దున్నే మళ్ళీ వెళ్ళి చూసొచ్చాను. నిజంగానే అక్కడ తోట ఉండేదని తెలియనట్టు అయిపోయింది. డిసెంబరులో అక్కడ గాలి వీస్తే సముద్రం పక్కన నిలబడ్డట్టు హోరు ఉండేది, ఇప్పుడు గాలి ఉంది, చప్పుడు లేదు. ఒక పక్క కొత్త మొక్కలు నాటడానికి గోతులు తీస్తున్నారు.

దారి మళ్ళీ రాస్తున్నాను, ఈసారి ఎవరూ కొట్టుకుపోలేని గుర్తులతో. ఊరు, రావిచెట్టు చప్టా, గట్టు. గట్టు మీద నడుస్తూ కొండ సరిగ్గా కుడి భుజం వెనక్కి వచ్చే దాకా పోవాలి, అక్కడ గట్టు దిగడానికి బళ్ళు దిగిన వాలు ఉంటుంది. దిగాక మోళ్ళ నేల పక్క గట్టు పట్టుకుని కాలువ దాకా. దుంగ మీద కూర్చుని దాటండి, సిగ్గుపడొద్దు. ఆపైన గోర్జీ రెండుగా చీలుతుంది, కొండ కనబడే వైపు తీసుకోవాలి. ఎక్కడ అనుమానం వచ్చినా తలెత్తి కొండ చూడండి, అది కుడి చేతికి ఉంటే సరైన దారే. పొద్దున తిరిగేవాళ్ళకి ఎడమ చేతికి. చేలల్లో దిగొద్దు, తిన్నె మీద దిగొద్దు.

నీడ మాత్రం ఇక లేదు. తొమ్మిది లోపు ముగించుకోండి, లేదా మూడు తర్వాత మొదలెట్టి చీకటి పడకుండా వచ్చెయ్యండి.

పెద్దప్ప
ఫిబ్రవరి 2, సాయంత్రం 7.30

వెళ్ళొచ్చాం తమ్ముడూ, నేనూ చెల్లెలూ. రెండు గంటల ఇరవై నిమిషాలు. కుక్కలు లేచాయి, తోక ఊపాయి, పడుకున్నాయి. దుంగ మీద ఇద్దరం కూర్చునే దాటాం, చెల్లెలు మధ్యలో ఆగిపోయి నవ్వు ఆపుకోలేక పడిపోబోయింది. తిరిగొచ్చాక నేను మెట్లు కూడా ఎక్కాను, నెమ్మదిగా, నాలుగు చోట్ల ఆగి. పైనుంచి చూస్తే మేం నడిచిన చుట్టంతా కనబడింది, ఏరు, మోళ్ళ నేల, గోర్జీ, అటు చివర సముద్రం గీతలా. ముందు చుట్టు తిరిగి తర్వాత ఎక్కడమే మంచిది, లేకపోతే పైనుంచి చూసినా ఏది ఏదో తెలియదు.

మీ అమ్మగారి కర్ర కోసం ముందే గోడ దగ్గర వెతికాను, లేదు. ఎవరో పట్టుకుపోయారనుకున్నాను. తీరా చూస్తే గోర్జీ దగ్గర మేకల తాత చేతిలో ఉంది. కొసకి కొక్కెం కట్టుకుని తుమ్మ కాయలు రాలుస్తున్నాడు మేకలకి. అదేనో కాదో మరి.

గట్టునడక
ఫిబ్రవరి 2, సాయంత్రం 7.34

పైన దారం ఉందా?

పెద్దప్ప
ఫిబ్రవరి 2, సాయంత్రం 7.41

ఉంది. ఎర్రదే. మాసిపోయింది.